పాత కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్ విఫలమైతే: కారణాలు, సరిదిద్దే క్రమం

ఇంట్లోని పాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసినప్పుడు, అప్‌డేట్ పూర్తి కాలేదని, చేసిన మార్పులను రద్దు చేస్తున్నామని తెలిపే సందేశం తెరపై కనిపించడం చాలామందికి అనుభవమే. కొద్దిసేపటికి యంత్రం మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి దానిని పట్టించుకునేవారు తక్కువ. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందించిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందువల్ల ఈ ఉపేక్ష నష్టదాయకంగా మారింది.

మద్దతు ముగిసిన కంప్యూటర్లకు మరికొంత కాలం భద్రతా సవరణలు అందించేందుకు ఆ సంస్థ ‘ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్’ (ఈఎస్‌యూ) అనే పథకాన్ని ప్రవేశపెట్టింది. గృహ వినియోగదారులకు అందులో ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13. కంప్యూటర్ సెట్టింగ్‌లను మైక్రోసాఫ్ట్ ఖాతాలో బ్యాకప్ చేసుకోవడం ద్వారా గానీ, 1,000 రివార్డ్స్ పాయింట్లతో గానీ, 30 డాలర్ల రుసుముతో గానీ అందులో చేరవచ్చు. షరతు ఒక్కటే ముఖ్యమైనది: యంత్రంలో విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2, దానిపై తాజా అప్‌డేట్లు ఉండాలి. ఏళ్ల తరబడి అప్‌డేట్ విఫలమవుతూ 1909 వంటి పాత వెర్షన్ వద్దే నిలిచిపోయిన కంప్యూటర్‌కు ఈ అవకాశం కనిపించనే కనిపించదు. చేరిక తెర తెరుచుకున్న వెంటనే మూసుకుపోయే లోపాన్ని కూడా 2025 ఆగస్టులో విడుదలైన కేబీ5063709 అనే అప్‌డేటే సరిచేసింది. అంటే భద్రతా పథకంలో చేరాలన్నా ముందు అప్‌డేట్ వ్యవస్థ పనిచేయాలి.

విండోస్ 11కు మారడం అందరికీ సాధ్యం కాదు. దానికి టీపీఎం 2.0 చిప్, సెక్యూర్ బూట్ సౌకర్యం, ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ అవసరం. పదేళ్ల కిందట కొన్న యంత్రాలలో ఎక్కువ భాగం ఈ అర్హతకు దూరంగానే ఉన్నాయి.

అప్‌డేట్ ఆలస్యమైతే ఏమవుతుందో 2017లో ప్రపంచం చూసింది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న సవరణ విడుదల చేసింది. దాదాపు రెండు నెలల తరువాత, మే 12న, అదే లోపాన్ని ఆసరాగా చేసుకుని ‘వాన్నాక్రై’ రాన్సమ్‌వేర్ అనేక దేశాలకు వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. సవరణ అప్పటికే అందుబాటులో ఉంది. అది చేరని యంత్రాలే ప్రధానంగా దెబ్బతిన్నాయి.

అప్‌డేట్ ఎక్కడ ఆగుతుంది?

విండోస్ అప్‌డేట్ మూడు అంచెలలో జరుగుతుంది. మొదట ఫైళ్లు ఇంటర్నెట్ నుంచి ‘సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్’ అనే ఫోల్డర్‌లోకి దిగుతాయి. తరువాత అవి ‘విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్’ అనే భాండాగారంలోకి చేరి, అక్కడి పాత భాగాలతో సరిపోల్చబడతాయి. చివరగా కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేటప్పుడు, వాడుకలో ఉన్న ఫైళ్ల స్థానంలో కొత్తవి వస్తాయి. ఈ చివరి అంచెలో ఏదైనా తేడా వస్తే విండోస్ వెనుకటి స్థితికి తిరిగి వెళ్తుంది. తెరపై కనిపించే రద్దు సందేశానికి అర్థం ఇదే. భయపెట్టినా, నిజానికి అది రక్షణ చర్య.

ఏ అంచెలో ఆగిందో చెప్పేది లోపం కోడ్. సెట్టింగ్స్‌లో ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘వ్యూ అప్‌డేట్ హిస్టరీ’ తెరిస్తే విఫలమైన అప్‌డేట్ పక్కన కేబీ సంఖ్య, కోడ్ రెండూ ఉంటాయి. కోడ్‌లన్నీ సున్నా, ఎక్స్ అనే రెండు గుర్తులతో మొదలవుతాయి కనుక ఆ తరువాతి భాగాన్నే ఇక్కడ ఇస్తున్నాం. 80070070 అంటే డిస్క్‌లో చోటు లేదు. 80072ఈఈ2 అంటే సర్వర్ నుంచి సకాలంలో జవాబు రాలేదు. 80073712, 800ఎఫ్081ఎఫ్ అనేవి భాండాగారంలోని ఫైళ్లు చెడిపోయాయని లేదా దొరకడం లేదని తెలుపుతాయి. సి1900101తో మొదలయ్యేవి సాధారణంగా డ్రైవర్ల తగాదాలు. 80070643 మాత్రం ‘ఇన్‌స్టలేషన్ విఫలమైంది’ అనే సాధారణ మాట. దాని వెనుక కారణాలు అనేకం. ఈ కోడ్‌ను, కేబీ సంఖ్యను ముందుగా కాగితంపై రాసుకోవడం అవసరం, ఎందుకంటే తరువాత చేసే ఒక మరమ్మతులో ఈ జాబితా చెరిగిపోతుంది.

మరమ్మతుకు ముందు మరొక పని తప్పనిసరి. ఫొటోలు, పత్రాలు, పన్ను కాగితాలు, పిల్లల చదువుకు సంబంధించిన ఫైళ్లు బయటి డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోవాలి. పాత యంత్రంలో అప్‌డేట్ వైఫల్యం కొన్నిసార్లు చెడిపోతున్న హార్డ్‌డిస్క్‌కు తొలి సూచన. ‘ఈవెంట్ వ్యూయర్’లోని సిస్టమ్ జాబితాలో ‘డిస్క్’ పేరుతో 7వ సంఖ్య ఈవెంట్లు కనిపిస్తే డిస్క్‌లో చెడు బ్లాకులు ఉన్నట్లే. అప్పుడు అప్‌డేట్ సంగతి పక్కన పెట్టి డేటాను కాపాడుకోవాలి. గంటల తరబడి డిస్క్‌ను చదివించే ‘చెక్‌డిస్క్’ పరీక్షను కాపీ ముగిసిన తరువాతే నడపాలి. చివరి దశలో ఉన్న డిస్క్ ఆ శ్రమకు తట్టుకోకపోవచ్చు.

చోటు, గడియారం, కరెంటు

వైఫల్యాలలో పెద్ద భాగం ఏ ఆదేశమూ అవసరం లేని చిన్న కారణాలవే. మొదటిది చోటు. నెలవారీ అప్‌డేట్‌కు సి డ్రైవ్‌లో 10 జీబీ, వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్‌కు 20 జీబీ ఖాళీగా ఉంచుకోవడం సురక్షితం. ‘డిస్క్ క్లీనప్’లో ‘క్లీనప్ సిస్టమ్ ఫైల్స్’ ఎంచుకుంటే పాత అప్‌డేట్ల అవశేషాలు తొలగిపోతాయి. సెట్టింగ్స్‌లోని ‘టెంపరరీ ఫైల్స్’ జాబితాను వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి: అందులో ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డర్ కూడా ఒక వరుసగా ఉంటుంది. దానికి టిక్ పెడితే దింపుకున్న పత్రాలన్నీ పోతాయి. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ చాలా పెద్దదిగా కనిపిస్తుంది కదా అని దానిని చేతితో తొలగించడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. ఆ పని చేసిన యంత్రం మళ్లీ మొదలు కాకపోవచ్చు.

కేవలం 32 జీబీ నిల్వతో వచ్చిన చౌక ల్యాప్‌టాప్‌లది వేరే కథ. వాటిలో ఎంత శుభ్రం చేసినా చోటు చాలదు. అటువంటప్పుడు విండోస్ అదనపు చోటు అడిగే తెరలో ఖాళీ పెన్‌డ్రైవ్‌ను చూపించవచ్చు. తాత్కాలిక ఫైళ్లను అది అందులో ఉంచుకుంటుంది. పని ముగిసేవరకు ఆ పెన్‌డ్రైవ్‌ను తీయరాదు.

రెండవది గడియారం. మదర్‌బోర్డుపై ఉండే సిఆర్2032 అనే నాణెం ఆకారపు బ్యాటరీ కొన్నేళ్లకు అయిపోతుంది. అప్పుడు ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్ చూపే భద్రతా పత్రాలు చెల్లనివిగా కనిపించి సంబంధం తెగిపోతుంది. బ్యాంకు వెబ్‌సైట్లు కూడా తెరుచుకోకపోతే అనుమానం బ్యాటరీ వైపు మళ్లించాలి. వాచీ దుకాణాలలో సైతం దొరికే ఈ బ్యాటరీని మార్చి, తేదీ సరిచేస్తే చాలాసార్లు సమస్య తీరుతుంది.

మొబైల్ హాట్‌స్పాట్‌పై ఆధారపడే ఇళ్లలో మరొక చిక్కు ఉంది. ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’గా గుర్తిస్తే విండోస్ చాలా అప్‌డేట్లను తనంతట తాను దింపుకోదు. నెలవారీ అప్‌డేట్ పరిమాణం వందల ఎంబీలలో ఉంటుంది కనుక రోజువారీ డేటా పరిమితి మధ్యలో అయిపోవడమూ సహజమే. వేరొకచోట, వేగవంతమైన కనెక్షన్‌పై ‘మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్’ అనే అధికారిక వెబ్‌సైట్ నుంచి కేబీ సంఖ్య ఆధారంగా ఫైలును దింపి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నడపవచ్చు. యంత్రం 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది ముందు చూసుకోవాలి.

ఇక కరెంటు. బ్యాటరీ పనిచేయని ల్యాప్‌టాప్, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ చివరి అంచెలో ఉండగా సరఫరా పోతే ఫైళ్లు సగంలో ఆగిపోతాయి. తెరపై శాతం అంకె కదలడం లేదని పవర్ బటన్ నొక్కి పట్టుకోవడమూ ఇంతే ప్రమాదకరం. పాత హార్డ్‌డిస్క్‌పై ఈ పని గంటల తరబడి సాగవచ్చు. డిస్క్ దీపం మినుకుమినుకుమంటున్నంతవరకు వేచి ఉండడమే మేలు.

చెడిన భాగాలను బాగుచేయడం

పై కారణాలేవీ కాకపోతే, ముందుగా సెట్టింగ్స్‌లోని ‘ట్రబుల్‌షూట్’ విభాగంలో విండోస్ అప్‌డేట్‌కు సంబంధించిన పరీక్షను నడపాలి. ఫలితం లేకపోతే దింపిన ఫైళ్లను కొత్తగా దింపించడం తరువాతి మెట్టు. ‘సర్వీసెస్’ తెరలో ‘విండోస్ అప్‌డేట్’, ‘బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్’ అనే రెండింటినీ ఆపి, సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చాలి. చివర ‘ఓల్డ్’ అని చేర్చితే చాలు. సర్వీసులను తిరిగి ప్రారంభించగానే విండోస్ అదే పేరుతో కొత్త ఫోల్డర్ తయారు చేసుకుంటుంది. తెరపై అప్‌డేట్ చరిత్ర ఖాళీ అయ్యేది ఈ దశలోనే. చేరిన అప్‌డేట్లు మాత్రం చెక్కుచెదరవు.

భాండాగారమే చెడిందని కోడ్ చెబితే రెండు ఆదేశాలు అవసరమవుతాయి. ‘కమాండ్ ప్రాంప్ట్’ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, ఇంగ్లీషు అక్షరాలలో మొదట ‘డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్’ అని, అది ముగిశాక ‘ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ’ అని టైప్ చేయాలి. ప్రతి అడ్డగీతకు ముందు ఒక ఖాళీ ఉండాలి. ఈ వరుస మారకూడదు. డిస్మ్ భాండాగారాన్ని బాగుచేస్తుంది. ఎస్‌ఎఫ్‌సి ఆ భాండాగారం నుంచి మంచి ప్రతులు తీసి, వాడుకలో ఉన్న ఫైళ్లను సరిచేస్తుంది. మూలమే పాడై ఉండగా రెండవ దానిని ముందు నడిపితే దానికి మంచి ప్రతి దొరకదు. అనేక సూచనలలో ఎస్‌ఎఫ్‌సి ఒక్కదాన్నే చెప్పి వదిలేయడం వల్ల చాలామంది ఇక్కడే నిరాశ చెందుతారు. శాతం అంకె ఒకేచోట చాలాసేపు నిలిచినా ఆందోళన చెందనక్కర్లేదు.

డ్రైవర్ల కోడ్ వస్తే ప్రింటర్, వెబ్‌కెమెరా, పెన్‌డ్రైవ్ వంటి బయటి పరికరాలన్నీ ఊడదీసి మళ్లీ ప్రయత్నించాలి. విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే దానిని తాత్కాలికంగా తొలగించాలి. ఆ వ్యవధిలో విండోస్ డిఫెండర్ కాపలా కాస్తుంది.

సాధారణ వినియోగదారుడి తప్పు లేని వైఫల్యం

కొన్నిసార్లు ఇంట్లో ఏ లోపమూ లేకపోయినా అప్‌డేట్ విఫలమవుతుంది. 2024 జనవరి 9న వచ్చిన కేబీ5034441 ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. బిట్‌లాకర్ గుప్తీకరణను దాటవేసేందుకు వీలు కల్పించే ఒక లోపాన్ని సరిచేయడం దాని ఉద్దేశం. ఇది మామూలు సి డ్రైవ్‌లో కాక, అత్యవసర మరమ్మతు సాధనాలు ఉండే ‘రికవరీ పార్టిషన్’లో చేరవలసి ఉంది. పాత కంప్యూటర్లలో ఆ పార్టిషన్ చాలా చిన్నది. ఈ అప్‌డేట్‌కు అందులో 250 ఎంబీ ఖాళీ కావాలి. అది లేనిచోట 80070643 అనే, అసలు కారణం చెప్పని కోడ్ కనిపించింది. సి డ్రైవ్‌లో వందల జీబీలు ఖాళీగా ఉన్నా ప్రయోజనం లేకపోయింది. దీనికి స్వయంచాలక పరిష్కారం ఉండదని, పార్టిషన్‌ను చేతితో పెంచుకోవాలని మైక్రోసాఫ్ట్ తరువాత ప్రకటించింది.

ఆ విధానంలో ‘రీఏజెంట్‌సి’ ఆదేశంతో రికవరీ సాధనాన్ని నిలిపివేసి, ‘డిస్క్‌పార్ట్’తో సి డ్రైవ్‌ను 250 ఎంబీ మేర కుదించి, పాత రికవరీ పార్టిషన్‌ను తొలగించి, పెద్దదానిని కొత్తగా సృష్టించాలి. ఒక్క అంకె తప్పుగా టైప్ చేస్తే డేటా ఉన్న పార్టిషన్ తొలగిపోయే ప్రమాదముంది. ఆ లోపాన్ని వాడుకోవాలంటే దుండగుడి చేతికి యంత్రమే చిక్కాలి. అందులోనూ డిస్క్ గుప్తీకరణ ఆన్‌లో ఉన్నప్పుడే ఆ ముప్పుకు అర్థముంది. గుప్తీకరణ లేని ఇంటి డెస్క్‌టాప్‌లో ఈ ఒక్క వైఫల్యం కోసం పార్టిషన్లతో చెలగాటమాడడం కన్నా దానిని వదిలివేయడమే వివేకం. రికవరీ పార్టిషనే లేని యంత్రాలకు ఈ అప్‌డేట్ అవసరం లేదని, లోపాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్ట్ సైతం తెలిపింది. ఇతర నెలవారీ భద్రతా అప్‌డేట్లు సక్రమంగా చేరుతున్నాయా అన్నదే చూసుకోవలసిన విషయం.

దీనిని ‘సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయాం’ అనే సందేశంతో కలిపి చూడకూడదు. అది బూట్ ఫైళ్లు ఉండే మరో చిన్న విభాగం. వెర్షన్ మారే అప్‌డేట్లలో అది అడ్డుపడుతుంది. అక్కడ కూడా పని తెలిసిన సాంకేతిక నిపుణుడి సహాయం తీసుకోవడమే క్షేమం.

చివరి మార్గం

ఏ ఉపాయమూ ఫలించనప్పుడు ఫార్మాట్ చేయడమే శరణ్యమని వీధి చివర సర్వీసు కేంద్రాలలో తరచూ చెబుతుంటారు. దానికి ముందు మరో మెట్టు ఉంది. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి విండోస్ 10 ‘మీడియా క్రియేషన్ టూల్’ దింపి, దానితో ఐఎస్‌ఓ ఫైలు తయారు చేసుకుని, విండోస్ నడుస్తుండగానే అందులోని ‘సెటప్’ను ప్రారంభించాలి. ‘వ్యక్తిగత ఫైళ్లు, యాప్‌లు ఉంచు’ అన్న ఎంపిక కనిపిస్తే దానినే ఎంచుకోవాలి. విండోస్ తనపై తానే తిరిగి స్థాపితమవుతుంది; పత్రాలు, ప్రోగ్రాములు నిలుస్తాయి. ఈ ఎంపిక కనిపించకపోతే ఐఎస్‌ఓ భాష లేదా ఎడిషన్ యంత్రంలోని దానితో సరిపోలలేదని గ్రహించి అక్కడే ఆపాలి. పాత స్థాపన ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌లో ఉంటుంది; సాధారణంగా 10 రోజుల వరకు వెనక్కి వెళ్లే వీలుంది.

1909 వంటి పాత వెర్షన్ నుంచి 22హెచ్2కు చేరడానికీ ఇదే నమ్మకమైన దారి. 2004, 20హెచ్2, 21హెచ్1, 21హెచ్2 వెర్షన్లు ఉన్నవారికి ఇంత శ్రమ ఉండదు. వాటన్నిటి మూల ఫైళ్లు 22హెచ్2తో ఉమ్మడివే కాబట్టి తాజా నెలవారీ అప్‌డేట్ తరువాత చిన్న ప్యాకేజీ ఒకటి చేరితే సరిపోతుంది. విండోస్, ఆర్ కీలను కలిపి నొక్కి ‘విన్‌వెర్’ అని టైప్ చేస్తే వచ్చే పెట్టెలో 22హెచ్2, బిల్డ్ 19045 అని ఉంటే యంత్రం ఈఎస్‌యూ వెర్షన్ షరతును తీర్చినట్లే.

విండోస్ 7 ఇంకా వాడుతున్న ఇళ్లు ఉన్నాయి. దానికి మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. దానిని ఇప్పుడు తిరిగి స్థాపించి పాత అప్‌డేట్లు దింపబోతే విఫలం కావడానికి ముఖ్య కారణం సంతకాల విధానం మారడం: 2019 మధ్య నుంచి వచ్చిన అప్‌డేట్లకు ఎస్‌హెచ్‌ఏ-2 సంతకాలే ఉన్నాయి. కేటలాగ్ నుంచి కేబీ4490628, తరువాత కేబీ4474419 చేతితో చేర్చితే మిగిలినవి కదులుతాయి. అయినా ఆ యంత్రంపై బ్యాంకు లావాదేవీలు చేయడం మానుకోవడం మంచిది. విండోస్ 11కు అర్హత లేని కంప్యూటర్లలో లైనక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితే స్థాపించుకునే వీలుంది.

అప్‌డేట్ వైఫల్యం చుట్టూ మోసాలూ అల్లుకున్నాయి. బ్రౌజర్‌లో హఠాత్తుగా తెర నిండా కనిపించి, ‘అప్‌డేట్ విఫలమైంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అనే హెచ్చరిక విండోస్‌ది కాదు. మైక్రోసాఫ్ట్ లోపం సందేశాలలో ఫోన్ నంబరు ఉండదు. ఇటువంటి నకిలీ సాంకేతిక సహాయ కేంద్రాలపై కేంద్ర దర్యాప్తు సంస్థ (సీబీఐ) 2023 అక్టోబరులో ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో పలుచోట్ల సోదాలు జరిపింది. అటువంటి వ్యక్తులకు రిమోట్ యాప్ ద్వారా కంప్యూటర్ అప్పగించినవారు వెంటనే ఇంటర్నెట్ కనెక్షన్ తెంచి, వేరే పరికరం నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలి. డబ్బు పోయి ఉంటే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఆలస్యం చేయకుండా ఫోన్ చేయాలి.